పాలారు తీరమున తోళ్ళ పరిశ్రమ – వ్యర్థ ద్రవ్యముల చరిత్ర

వేలూరికి పడమటగా పాలారు గట్టున నున్న విరించిపురమున మార్గబంధీశ్వరస్వామి ఆలయ గోపురమునందు ఒక తమిళ శాసనము కలదు. శాలివాహన శకము 1347, విశ్వావసు సంవత్సరమున (క్రీ.శ. 1425) విజయనగర ప్రభువు దేవరాయల కాలమున పడైవీడు రాజ్యమందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కూడి చేసికొనిన కట్టుబాటును అది తెలుపుచున్నది. కన్యకు ధనము పుచ్చుకొనరాదు; పుచ్చుకొనిన తండ్రియు, ఇచ్చిన వరుడును ఇరువురును రాజదండనకు పాత్రులు, సంఘబాహ్యులు. ఈ సీమలో తెలుగువారి ఉనికికి ఇది ప్రబల నిదర్శనమని చరిత్రకారులు దీనిని తరచు ఉదాహరింతురు. ఇందు మరియొక విశేషము కూడ గమనింపదగినది. తప్పునకు బాధ్యులెవరో, వారికి కలుగు నష్టమేమో కట్టుబాటు చేసికొనినవారే ముందుగా నిర్ణయించుకొనిరి. అదే నది గట్టున నాలుగు శతాబ్దుల తరువాత వర్ధిల్లిన తోళ్ళ పరిశ్రమకు అట్టి కట్టుబాటు ఏర్పడుటకు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోవలసి వచ్చినది.

సంస్కృతమున క్షీరనది యనబడు పాలారు కన్నడదేశమున నందిదుర్గము ప్రాంతమున పుట్టి, కుప్పము సీమ మీదుగా తమిళదేశము ప్రవేశించును. వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తము చెంతనున్న పేర్ణాంబట్టు, మేల్విషారము, రాణిపేట – ఈ ఊళ్ళన్నియు తోళ్ళకు ప్రసిద్ధములు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోవుటకు ముందు ఇందు చాల భాగము ఒకే ఉత్తరార్కాటు జిల్లా. సంతలలో కొన్న పచ్చితోళ్ళు సరిహద్దు లెరుగక ఇటు చేరుచుండెను.

పూర్వపు పదను పద్ధతిలో ముఖ్య ద్రవ్యము తంగేడు చెక్క. తెలంగాణములో బతుకమ్మకు పేర్చు పూలు పూచునది ఈ తంగేడే. తమిళులు దీనిని ఆవారమందురు. ఉప్పు చల్లిన తోలును నీట నానవేసి, సున్నపు గుంటలో నుంచి వెండ్రుకలు తీసి, లోపలి మాంసము గీకి, తంగేడు చెక్క కషాయము నింపిన లందలలో వారములకొలది ఉంచెడివారు. తుదకు కరక్కాయ రసము, నూనె పట్టించెడివారు. ఈ పనిలో పారవేయున దల్పము. వెండ్రుకలు త్రాళ్ళకును ముతక కంబళ్ళకును, గీకిన మాంసపు తునుకలు సరేసు వండుటకును పోయెడివి. సారము దిగిన చెక్క పొయ్యిలోనికో, పెంటకుప్పకో చేరెడిది. నేటి ఆర్థికవేత్తలు చక్రీయ ఆర్థికవ్యవస్థ యని కొత్తగా పేరిడిన దానికి ఇది చాల దగ్గర. అయినను ఆ కాలమును మితిమీరి పొగడుట తగదు. ఉప్పునీరు, సున్నపునీరు అప్పుడును ఊరి బయటకే పారెడివి. ఆ దుర్గంధములో పనిచేసినవారిని కూడ ఊరు బయటనే ఉంచెను. ఆనాటి వ్యర్థము మట్టిలో కలిసిపోవు వ్యర్థము, పరిమాణమున స్వల్పము. భేదమంతయు అందే యున్నది.

ఇట్లు సగము పదనైన తోళ్ళు చెన్నపట్టణపు రేవునుండి సీమకు ఎగుమతియై అచ్చట తుదిమెరుగు పొందెడివి. మొదటి ప్రపంచయుద్ధములో సైనికుల బూట్లకు ఇవి విరివిగా వాడబడినవి. తంగేడు చెక్క చాలక దక్షిణాఫ్రికానుండి వాటిలు చెక్క దిగుమతి యయ్యెను. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మదరాసులో క్రోము పదనును పరీక్షించి చూపెను గాని, పాలారు లోయ చాలకాలము దానిని ఆదరింపలేదు.

మార్పు తెచ్చినది ప్రభుత్వ విధానము. 1972లో సీతారామయ్య సంఘము సగము పదనైన తోళ్ళ ఎగుమతిని క్రమముగా తగ్గించి, పూర్తిగా తయారైన తోళ్ళనే పంపవలెనని సూచించెను. దేశమునకు విదేశీ ద్రవ్యము, జనమునకు పని లభించెను. వారములు పట్టిన పని క్రోముతో కొలది గంటలకు దిగెను. కాని లందలోనున్న క్రోములో సుమారు మూడింట రెండు వంతులనే తోలు పీల్చుకొనును. మిగిలినది నీటితో వెడలిపోవును. కొనితెచ్చిన సరకులో మూడవ వంతు ఏటిపాలగుచున్నను, ఆ నష్టము లెక్కలోనికి రాలేదు. నీటికి వెలలేదు, పారవేయుటకును వెలలేదు; బావి చెడిన రైతు నష్టము కార్ఖానా ఖాతాలో ఎక్కదు. రాణిపేటలో క్రోమేటు లవణములు చేసిన ఒక కర్మాగారము 1990ల మధ్యలో మూతపడునాటికి లక్షన్నర టన్నుల విషపు మట్టిని అచ్చటనే గుట్టగా విడిచిపోయెను.

1991లో వేలూరు పౌర సంక్షేమ వేదిక సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించెను. 1996 ఆగస్టు 28న వెలువడిన తీర్పులోని అంకెలు భయావహములు: తమిళనాట సుమారు 900 తోళ్ళ కార్ఖానాలు; కిలో తోలుకు 35 లీటర్ల నీరు; 170 రకముల రసాయనములు; పూర్తిగానో కొంతగానో సాగుకు పనికిరాకుండ పోయిన భూమి దాదాపు 35,000 హెక్టార్లు. కలుషపరచినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రము ఈ దేశపు చట్టములో భాగమని న్యాయస్థానము ప్రకటించి, ఒక్కొక్క కార్ఖానాకు 10,000 రూపాయల జరిమానా విధించి, శుద్ధియంత్రములు లేనివానిని మూయించెను. ప్రపంచమంతట విద్యార్థులు చదువుకొను ఈ తీర్పు వేలూరి పేరుతోనే ప్రసిద్ధము.

ఆపై పునర్వినియోగము తప్పనిసరి యయ్యెను. దానికి వలసిన శాస్త్రము అప్పటికే కొంత సిద్ధముగా నుండెను. 1948లో మదరాసు అడయారులో స్థాపితమైన కేంద్ర తోళ్ళ పరిశోధనాలయమును 1958 నుండి 1971 వరకు నడిపినవాడు తెనాలి ప్రాంతపు యలవర్రున 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ. పరిశోధనను చర్మకారుని గుమ్మమువరకు కొనిపోవుట ఆయన నేర్పిన పద్ధతి. వాడిన నీటిలోని క్రోమును మెగ్నీషియం ఆక్సైడుతో పేరబెట్టి, గంధకామ్లములో కరగించి, మరల లందలోనికే పంపు విధానమును ఆ సంస్థ కార్ఖానాల కలవరచెను. 2010 ప్రాంతమునుండి సామూహిక శుద్ధికేంద్రములు నీటిని సూక్ష్మమైన పొరలగుండ వడగట్టి కార్ఖానాలకే తిరిగి యిచ్చుచున్నవి.

వలయము పూర్తియైనదని చెప్పుటకు వీలులేదు. నీటినుండి వేరుచేసిన మిశ్రమ లవణమునకు కొనువారు కరవై శుద్ధికేంద్రములలో బస్తాలు పేరుకొనుచున్నవి. 2015 జనవరి 31న రాణిపేటలో మడ్డి నిలువచేసిన తొట్టి గోడ కూలి, నిద్రించుచున్న పదిమంది కార్మికులు దుర్మరణము పాలైరి. రైతుల పరిహారమును 2001లోనే ప్రాధికార సంస్థ నిర్ణయించినను అది అందరికిని చేరలేదు. 2025 జనవరి 30న సర్వోన్నత న్యాయస్థానము మరల కలుగజేసికొని, ప్రభుత్వమే ముందుగా పరిహారము చెల్లించి, ఆ సొమ్మును కలుషపరచినవారినుండి రాబట్టుకొనవలెనని ఆదేశించెను.