పైజానెడు నేల

తుమ్మలపల్లె అంటే దేశానికి యురేనియం గనే గుర్తొస్తుంది. అక్కడి రైతు లెక్క తేలేది మాత్రం పైజానెడు మట్టిలో. పులివెందుల వైపు బుడ్డలు (వేరుశనగ), చీనీ తోటలు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రేగళ్లలో రబీ శనగ. శనగకైతే విత్తాక వాన పడినా పడకపోయినా నేలలో మిగిలిన పదునే దిక్కు.

ఆ పైజానెడు మట్టిలోనే మేలు చేసే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. దాన్ని శాస్త్రం మొదట వెతికింది నీటి కోసం కాదు, ఎరువు కోసం. పప్పుజాతి మొక్కలు వేరుబుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ చాటాడు. రెండేళ్లకు బైయరింక్ ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవిని, అంటే రైజోబియాన్ని, విడదీశాడు. 1896లో నోబె, హిల్ట్‌నర్ దానికి పేటెంట్ కూడా పుచ్చుకున్నారు.

మన మెట్టపంటల మీద లోతైన పరీక్షలు 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చాక జోరందుకున్నాయి. అక్కడ ఎన్‌సి 92 అనే రైజోబియాన్ని పట్టించినప్పుడు రాబట్ 33-1 వేరుశనగ దిగుబడి పెరిగింది. మన రైతులు కదిరి 3 అని పిలిచే రకం అదే. అయితే ప్రతి రకానికీ, ప్రతి పొలానికీ ఇదే ఫలితం ఆశించలేం. బుడ్డలు పండే నేలలో రైజోబియం ముందే ఉంటుంది. కొత్తగా వచ్చినది దానితో పోటీపడి నిలవాలి.

నీటి ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. సీమకు కావలసింది అదే కదా! బెట్టకు గురైన మొక్కలో ఎథిలిన్ అనే హార్మోన్ పెరిగి వేరు ఎదుగుదల కుంటుపడుతుంది. ఆ ఎథిలిన్‌కు ముడిసరుకైన ఎసిసి అనే పదార్థాన్ని కొన్ని బ్యాక్టీరియా తినేస్తాయి. అలాంటి ఒకదాన్ని ఇజ్రాయెల్ ఎడారి మట్టి నుంచి తీసి టమాటా, మిరప మొక్కల మీద పరీక్షించిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. నీరు ఆపినప్పుడు మొక్కలో తడి తగ్గడాన్ని అది ఆపలేదు; మళ్లీ తడి ఇచ్చాక మాత్రం మొక్క బాగా కోలుకుంది. నాకు ఈ పరిశోధనలో నచ్చింది ఆ నిజాయితీయే.

2009లో హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ‘క్రిడా’ శాస్త్రవేత్తల బృందం మరో దారి చూపింది. సూడోమోనాస్ పుటిడా జిఎపి-పి45 అనే బ్యాక్టీరియా జిగురును స్రవిస్తుంది. బెట్టలో ఉన్న పొద్దుతిరుగుడు మొలకల వేళ్లకు మట్టి ఎక్కువగా అంటుకొంది, మొలకలు ఎక్కువగా బతికాయి. అయితే మొలకల దశలో తేలినదాన్ని పొలానికి హామీగా చెప్పుకోకూడదు.

ఇలాంటి బ్యాక్టీరియాతో తయారయ్యే జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలో ఉన్నాయి. పొడి రూపంలోనైతే గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. మే ఎండలో రేకుల షెడ్డులో మగ్గిన ప్యాకెట్లో అన్ని మిగలవు. అందుకే తయారీ తేదీ చూసి, నీడలో ఉంచిన సరుకే కొనండి. విత్తనశుద్ధిలో శిలీంధ్రనాశిని ముందు, రైజోబియం చివర పట్టించండి.