పహాణీలో చోటు లేని చేను

మీ ఊరి పాత పహాణీ నకలు ఒకటి తెప్పించి పిల్లల ముందు పెట్టండి. భూమి రకం దగ్గర ఖుష్కీ అనో, తరీ అనో రాసి ఉంటుంది. ఇవి తెలుగు మాటలు కావు, దఫ్తర్ మాటలు. ఖుష్కీ అంటే వాన మీద పండే మెట్ట. తరీ అంటే చెరువు కిందో కాలువ కిందో తడిసే పొలం. నిజాం కాలంలో వీటికి తోడు బాగాత్ అని మూడోది ఉండేది, బావి కింది తోట అన్నమాట. శిస్తు ఎంత కట్టాలో ఈ మాటల మీదనే తేలేది. వరికి కూడా అలాగే రెండు దఫ్తర్ పేర్లు: వానాకాలానిది ఆబీ, ఎండాకాలానిది తాబీ. ఇళ్లలో మాత్రం మనవాళ్లు పునాస, యాసంగి అనే అన్నారు, ఇప్పటికీ అంటున్నారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ ఉన్న చేలూ తోటలూ నర్సరీలూ కాలం వెంబడి చూసుకుంటూ పోతే ఈ మాటల చరిత్ర నేల మీదనే కనిపిస్తుంది. ఒక్క చేను మాత్రం వీటిలో దేనిలోనూ ఇమడలేదు. అది ఆదివాసి చేను.

మిరుగు నుంచి మొదలుపెడదాం. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. మొదటి వాన పడితే ఖుష్కీలో పునాస విత్తనం పడేది. జొన్న, పెసర, నువ్వు, కంది, ఆముదం, తైదలు, కొర్రలు, సామలు. ఒకే చేనులో నాలుగైదు రకాలు కలిపి చల్లేవారు, వాన ఒకదాన్ని ముంచినా ఇంకొకటి నిలబడుతుందని. కోయల్లో విత్తనానికే ఒక పండుగ ఉంది, విజ్జ పండుం. గోండుల్లో కూడా కొత్త పంట ఏదైనా దేవుడికీ పెద్దలకూ పెట్టకముందు నోట పెట్టరు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే టీచర్లను చూశాను. కాయ ముదరకముందే ఎవరూ తెంపకుండా, రేపటి విత్తనం మిగిలేలా ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది.

గోదావరికి అవతల ఆదిలాబాద్ గోండుల సేద్యం గురించి మనకు రాతపూర్వకంగా బాగా తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను అక్కడికి పంపింది. ఆయన రాసినదాని ప్రకారం గోండులు నాగలి కట్టి దున్నే రైతులే. నల్లరేగడిలో యాసంగి జొన్న వేసేవారు. తేలిక నేలల్లో కొన్నేళ్లు పునాస పంటలు తీసి, నేల అలిసిపోతే దాన్ని బీడు పెట్టి పక్కకు జరిగేవారు. చిక్కంతా ఆ బీడు దగ్గరే వచ్చింది. అడవికి హద్దురాళ్లు పాతిన రోజున దున్నుతున్న చేనే లెక్కలోకి వచ్చింది. విశ్రాంతి తీసుకుంటున్న చేను రిజర్వు ఫారెస్టు అయిపోయింది. రెండేళ్ల తర్వాత తిరిగి దున్నబోయినవాడు నేరస్తుడయ్యాడు. 1945 నాటి హైదరాబాద్ అటవీ చట్టం, ఫస్లీ లెక్కలో 1355, ఆ హద్దులను ఇంకా గట్టి చేసింది. కదిలే చేనుకు ఖుష్కీ పేరూ రాలేదు, పట్టా పేరూ రాలేదు.

ఇక్కడ మన ప్రాంతానికి ఇంకో ముడి ఉంది. గోదావరికి అవతలి ఒడ్డున కడెం, జన్నారం వైపు షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి. అక్కడ 1/70 చట్టం వర్తిస్తుంది. ఇవతలి ఒడ్డున బీర్‌పూర్, సారంగాపూర్, రాయికల్ వైపు గూడేలకుగానీ, సిరిసిల్ల జిల్లాలోని వీర్నపల్లి, రుద్రంగి తండాలకుగానీ ఆ రక్షణ లేదు. ఒకే నది, ఒకే వాన, చుట్టరికాలు కూడా రెండు ఒడ్డులా ఉన్నాయి, చట్టం మాత్రం ఒక ఒడ్డునే ఆగిపోయింది.

జూలైలో నాట్లు పడతాయి. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల మధ్య బస్సులో పోతే చాలావరకు పచ్చని తరీయే కనిపిస్తుంది. ఇది పాత దృశ్యం కాదు. 1963 జూలై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు, దాని కాకతీయ కాలువ తెచ్చిన మార్పు. జొన్న చేలు మడులయ్యాయి. వరితో పాటు వరి తెగుళ్లూ పురుగులూ వచ్చాయి. ఈ ప్రాంతంలో ముఖ్యమైనది ఉల్లికోడు. దీని పురుగు పిలకలోపల చేరి మొవ్వను తింటుంది. ఆకు రావలసిన చోట ఉల్లికాడలాంటి తెల్లని గొట్టం వస్తుంది, ఆ పిలకకు ఇక కంకి రాదు. ఆలస్యంగా నాటిన పొలాల్లో, మబ్బూ ముసురూ పట్టిన రోజుల్లో దీని దెబ్బ ఎక్కువ. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి బియ్యం సన్నగా బాగుంటుంది కానీ ఉల్లికోడును తట్టుకోదు. జగిత్యాల పక్కనే పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం సాంబ మసూరిని కావ్య రకంతో సంకరం చేసి జగిత్యాల సన్నాలు తయారు చేసింది. అది సన్నగింజ, తక్కువ రోజుల్లో కోతకొస్తుంది, ఉల్లికోడును తట్టుకుంటుంది. పిల్లలను పొలాస తీసుకుపోతే, మన జిల్లా పేరు ఒక వరి గింజకు ఎలా వచ్చిందో అక్కడి శాస్త్రవేత్తలే చెబుతారు. అలా తీసుకుపోయినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: సామలకు, కొర్రలకు ఇంత శ్రద్ధ ఎప్పుడు మొదలైంది, ఎవరు తినడం మొదలుపెట్టాక మొదలైంది?

సెప్టెంబరులో ఈ నేలకు ఇంకో తేదీ ఉంది. 1978 సెప్టెంబరు 7న వేలమంది రైతు కూలీలు జగిత్యాలలో కలిశారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. వెట్టి పోవాలని, జుర్మానాల కింద దొరలు గుంజుకున్నది తిరిగి ఇవ్వాలని, వాళ్ల చేతిలో ఉన్న బంజరు భూములు పేదలకు దక్కాలని అడిగారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తరీ, బాగాత్ ఎవరి పేరున ఉన్నాయి, వాటిలో ఎవరు వంగి పనిచేశారు అన్న లెక్క ఆనాడు బజారుకెక్కింది.

బతుకమ్మ నాటికి ఖుష్కీ అందం బయటపడుతుంది. తంగేడు, గునుగు ఎవరూ విత్తనివి. గునుగు జొన్న చేలల్లో కలుపు, తంగేడు బీడులో పొద. మడులు పెరిగిన కొద్దీ ఆ పూలకు దూరం పోవాల్సి వస్తోంది, బంతి తోటలు వాటి చోటు తీసుకుంటున్నాయి. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్లలో కూడా పూల బేరం చూస్తే ఈ మాట అర్థమవుతుంది.

చలికాలంలో కోరుట్ల, మెట్‌పల్లి వైపు పోవాలి. అది పసుపు నేల. మిరుగులో దుంప నాటితే జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. మొదట్లో మధ్యలో మక్క వేసి, అది కోసుకుని పసుపును పెరగనిస్తారు. ఒకప్పుడు మోట కొట్టిన బావుల కింద బాగాత్ పంట ఇది. పసుపులో నాకు నచ్చేదేమిటంటే విత్తనం ఇంకా రైతు ఇంట్లోనే ఉంది. తవ్విన దుంపల్లోంచే మంచివి ఏరి నీడలో కుప్పపోసి పెట్టుకుంటారు. మన గుమ్ముల్లోంచి జొన్న విత్తనం పోయింది, వరి విత్తనం ప్యాకెట్‌లోకి పోయింది, పసుపు మాత్రం నిలిచింది. ధర మాత్రం రైతు చేతిలో లేదు. 2025లో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. చెరుకు కథ వేరు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, చెరుకు తోటలు పలచబడ్డాయి.

ఏప్రిల్, మే నెలల్లో చల్‌గల్ మార్కెట్‌లో జగిత్యాల మామిడి లారీలకెక్కి ఉత్తరాదికి పోతుంది. అదే నెలల్లో అడవిలో తునికాకు కోత. ఆ ఆకుతోనే కోరుట్ల, సిరిసిల్ల ఆడవాళ్లు బీడీలు చుట్టారు. మామిడిని తోట అన్నారు, తునికిని అడవి అన్నారు. తునికిని కూడా ఎవరో చూసుకుంటారు, పొదను కొట్టి లేత ఆకు వచ్చేట్టు చేస్తారు. ఆ పనికి పహాణీలో పేరు లేదు.

నర్సరీ ఈ వరుసలో కొత్తది. 2015 జూలై 3న హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఊరూరా నర్సరీ వచ్చింది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న నిబంధన వచ్చింది. చలికాలంలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచులు నింపుతారు. ఎండాకాలమంతా ఉపాధి కూలీలు నీళ్లు పోస్తారు. జూలైలో మొక్కలు బయటికి పోతాయి. ఈ లెక్కకు వేప, కానుగ, టేకు సరిపోతాయి. ఇప్ప సరిపోదు. ఇప్ప కాయ పండేది జూన్, జూలైలో. దాని గింజకు నూనె ఎక్కువ, నిలవ ఉంచితే కొద్ది వారాల్లోనే మొలిచే గుణం పోతుంది. రాలగానే మట్టిలో పెట్టాలి. సర్కారు మొక్కలు నాటే నెలకు ఇప్ప గింజ ఇంకా చెట్టు కిందే ఉంటుంది. అందుకే అడవిలో పుట్టినవారి చెట్టు అడవి పేరుతో పెంచే నర్సరీలో అరుదు. బళ్లో నలభై సంచులు పెట్టుకుని ఆషాఢంలో గింజలు వేస్తే, తర్వాతి ఏడు వానలకు మొక్కలు నాటడానికి వస్తాయి. ఖర్చు లేని పని.

రాష్ట్రంలో కొన్నిచోట్ల పోడు చేలలోనే గుంతలు తీసి ఈ మొక్కలు నాటారు, గొడవలు జరిగాయి. బీడు పెట్టిన చేను అడవి అయినట్టే, విత్తిన చేను ప్లాంటేషన్ అయ్యే ప్రమాదం ఇది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి పోడు పట్టాలు కొంతమందికి ఇచ్చారు. దరఖాస్తు తిరస్కరణ అయినవాళ్లూ ఉన్నారు.

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్న మనకూ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలి, గరిష్ఠంగా 4 హెక్టార్లు. దాని నియమాల్లో 13వది టీచర్లు తప్పక చదవాలి. సాక్ష్యం అంటే సర్కారు కాగితం ఒక్కటే కాదని అందులో ఉంది. గట్లు, చదును చేసిన నేల, పాత బావి, పూర్వీకుల సమాధులు, దేవతల స్థలాలు కూడా సాక్ష్యాలే. హక్కు కోరే మనిషి కాకుండా ఊరి పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఒకటి చాలదు, ఒకటికి మించి చూపాలి. ఏ కార్తెలో ఏ చేనులో ఏది విత్తారు, ఎన్నేళ్లు బీడు పెట్టారు, ఆ గట్టు మీది ఇప్ప ఎవరి తాత నాటిది అని పిల్లలు ముసలివాళ్లను అడిగి, పేరు, తేదీ వేసి, వేలిముద్ర తీసుకుని రాసిన నోటుపుస్తకం గ్రామసభ ముందుకు పోవచ్చు. చెప్పగలిగిన ముసలివాళ్లు ప్రతి గూడెంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు.