డేట్ కాకుండానే బ్లీడింగ్ అవుతోందా..? గర్భసంచి తీయించే ముందు కారణం తెలుసుకోండి

విశాఖపట్నం: నెల మధ్యలో బ్లీడింగ్.. పది రోజులైనా ఆగని పీరియడ్స్.. నలభై దాటాక చాలామంది ‘ఆగిపోయే వయసు కదా, మామూలే’ అని ఊరుకుంటారు. కొందరు ఏకంగా గర్భసంచి తీయించేసుకుంటారు. రెండూ రిస్కే.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3 శాతమైతే, ఏపీలో దాదాపు 9 శాతం. అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందున్నాం. ఇందులో గొప్పేం లేదు.

సాధారణంగా 24 నుంచి 38 రోజులకోసారి పీరియడ్ వస్తుంది, 8 రోజుల్లోపు ఆగిపోతుంది. ఇది తప్పితే ముందు చూడాల్సింది ప్రెగ్నెన్సీ టెస్ట్. ‘నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయిందిగా’ అంటారు. అరుదుగా అదీ ఫెయిల్ అవుతుంది. అప్పుడు గర్భం ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. కడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గర్భం కాకపోతే..? ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్స్, గర్భసంచి లోపొర గోడల్లోకి పెరిగే అడినోమయోసిస్ కావచ్చు. మెనోపాజ్ దగ్గరపడ్డప్పుడు కొన్ని నెలలు అండం విడుదల కాదు, హార్మోన్లు తప్పుతాయి. థైరాయిడ్, పీసీఓఎస్, ఇన్ఫెక్షన్, కాపర్-టీ, రక్తం పలుచబడే మందులు కూడా కారణమే.

కలయిక తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష తప్పనిసరి. 45 దాటినవారికి, అధిక బరువు, షుగర్ ఉన్నవారికి లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయిస్తారు. సిగ్గుపడి దాచుకుంటే నష్టం మనకే.

చాలా కేసులు మందులు, హార్మోన్ మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్‌తోనే అదుపులోకి వస్తాయి. పాలిప్ అయితే దాన్నొక్కటే తీసేస్తారు. అనవసర ఆపరేషన్లు ఆపేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అందుకే ఎవరైనా ‘తీసేద్దాం’ అంటే స్కాన్ రిపోర్టు తీసుకుని ఇంకో డాక్టర్‌కి చూపించండి. విశాఖలో కేజీహెచ్, ఘోషా ఆస్పత్రుల్లో గైనిక్ ఓపీ ఉంది. క్యాన్సర్ అనుమానం ఉంటే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే మాత్రం ఓపీ టైమ్ దాకా ఆగొద్దు, క్యాజువాలిటీకే వెళ్లండి.