రెండు లిపుల బోర్డు: రాజురా పెయింటర్లకు సామగ్రి, పనిముట్లు, ధరల వివరాలు

రాజురా తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. 1956లో నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు (నేటి చంద్రపూర్) మారింది. జిల్లా మారినా ఇండ్లలో తెలుగు నిలిచింది. అందువల్ల ఇక్కడి బోర్డు పెయింటరుకు రెండు లిపులు తెలిసి ఉండటం జీవనాధారం.

మొదట చట్టం సంగతి. 2022 సవరణ ప్రకారం మహారాష్ట్రలో పదిమంది కంటె తక్కువ పనివారు గల చిన్న దుకాణానికి కూడా దేవనాగరి లిపిలో మరాఠీ బోర్డు తప్పనిసరి. మరాఠీ పేరు ముందుగా ఉండాలి. ఇతర భాషల అక్షరాలు దానికంటె పెద్దవి కారాదు. సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో దుకాణదారులకు రెండు నెలల గడువిచ్చింది. తెలుగు వ్రాయరాదని చట్టంలో ఎక్కడా లేదు. ఈ మాట పెయింటరే దుకాణదారుకు చెప్పగలగాలి. భయంతో తెలుగును పూర్తిగా తీసివేయించుకొనేవారు కొందరు ఉంటారు.

చిక్కు కొలతల దగ్గర వస్తుంది. దేవనాగరిలో సంయుక్తాక్షరాలు చాలావరకు ప్రక్కకు సాగుతాయి, తెలుగులో ఒత్తు క్రిందికి దిగుతుంది. ‘లక్ష్మి’ అన్న పేరును రెండు వరుసలలో సమానమైన ఎత్తులో ఇరికిస్తే తెలుగు అక్షరం చిన్నదై, ఒత్తు ఫ్రేము అంచుకు తగులుతుంది. అక్షర దేహానికి మూడు పాళ్లు ఇచ్చినప్పుడు ఒత్తుకు కనీసం రెండు పాళ్లు విడవాలి. ముందు మరాఠీ అక్షరం ఎత్తు నిర్ణయించి, తెలుగు దేహాన్ని దానికంటె కొద్దిగా తగ్గించి, సుద్ద దారంతో గీతలు కొట్టుకొన్న తరువాతే కుంచె పట్టాలి.

వర్ణక్రమం ఇంకొక ఉచ్చు. తెలుగులో ‘దుకాణం’ అని ‘ణ’ వ్రాస్తాము, మరాఠీలో అదే మాటకు ‘న’ వ్రాయాలి. ‘కిరాణా’కు మాత్రం మరాఠీలో ‘ణ’యే, హిందీ అలవాటుతో ‘న’ వ్రాస్తే తప్పు. ‘గురు’ అనే మాట ఒంటరిగా ఉంటే మరాఠీలో చివర దీర్ఘం, ‘గురుకృపా’ వంటి సమాసంలో హ్రస్వం. తప్పు దొర్లిన బోర్డును తిరిగి వ్రాసే కూలి పెయింటరు జేబు నుండే పోతుంది. కనుక రెండు భాషల పేర్లనూ కాగితంపై వ్రాసి, యజమాని సంతకం తీసుకొని, ఆ తరువాత అడ్వాన్సు పుచ్చుకోవడం మంచిది.

సామగ్రిలో రేకు ముఖ్యం. నల్ల ఇనుప రేకుకు తుప్పు గోకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసి, పై నుండి ఎనామిల్ వేయవచ్చు. జింకు పూత గల జీఐ రేకుకు ఈ పద్ధతి పనికిరాదు. కొంతకాలానికి రంగు పొరలుగా ఊడుతుంది. దానికి ప్రత్యేకమైన ఎచ్ ప్రైమరు అడిగి తేవాలి. లీటరు ఎనామిల్ ఒక పూతకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది. చంద్రపూర్ వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మధ్యాహ్నం కాలిన రేకుపై వ్రాయరాదు. కుంచె లాగకముందే రంగు బిగుసుకొంటుంది. పనిముట్లలో చదునైన కుంచెలు రెండు మూడు, సన్నని గుండ్రని కుంచె, చేయి ఆనించుకొనే కర్ర చాలు. పని కాగానే కుంచెలను టర్పెంటైనుతో కడగాలి.

పాత బోర్డు గోకేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి. ఇండ్ల రంగులలో సీసం 90 పీపీఎం మించరాదనే నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి పసుపు, ఎరుపు రంగులలో అది ఎక్కువగా ఉండవచ్చు. పారిశ్రామిక రంగులకు ఆ నిబంధన వర్తించదు. పొడిగా గోకకుండా తడిపి గోకి, ఆ పొట్టును గుడ్డలో మూటగట్టి పారవేయాలి.

ధర విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఫ్లెక్సీ ధరతో పోటీకి దిగడం. 2022 జూలై 1 నుండి 100 మైక్రాన్ల కంటె పలుచని పీవీసీ బ్యానర్లు నిషిద్ధం; మందపు ఫ్లెక్సీ కూడా ఎండకు వెలుస్తుంది. చేతిపనికి లెక్క వేరు. ఉదాహరణకు 8 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డు 24 చదరపు అడుగులు. రేకు, ఫ్రేము, రంగులకు 2,000 రూపాయలు, రోజుకు 800 చొప్పున రెండు రోజుల కూలి 1,600, బిగింపుకు 300, కుంచెల అరుగుదలకు 100 అనుకొంటే మొత్తం 4,000. లాభం నూటికి 15 కలిపితే 4,600, అంటే చదరపు అడుగుకు సుమారు 192. అంకెలు ఊరిని బట్టి మారుతాయి, లెక్క కట్టే తీరు మారదు. రెండవ లిపికి అరపూట ఎక్కువ పడితే ఆ అరపూట కూలిని కూడా కలపాలి. ‘ఇంకో వరుసే కదా’ అని ఉచితంగా వ్రాసి ఇవ్వరాదు.