డీలామినేషన్: పొర వీడుట

లాటిను భాషలో ‘లామినా’ యనగా పలుచని రేకు. పొరలుగా పేర్చి యతికిన పలకకు ‘లామినేట్’ అను పేరును, ఆ పొరలు విడివడుటకు ‘డీలామినేషన్’ అను పేరును దానినుండియే ఇంగ్లీషున ఏర్పడినవి. కార్బన్ తంతువులను రెజినుతో బిగించి, పొరపొరకును తంతువుల దిశను మార్చుచు పేర్చిన విమానపు రెక్కపలక, తంతువుల వెంబడి మహాబలము గలదయ్యును, పొరల నడుమ కేవలము ఆ రెజినునే నమ్ముకొనియుండుటచేత, పనిముట్టొకటి జారిపడినంత మాత్రముననే, పైకి సొట్టయైనను కానరాకుండ, లోపల విడివడవచ్చును. ‘డీలామినేషన్’ అను మాటను ఇంజనీర్లు భయముతో పలుకుట ఇందువలననే.

పొరల నడుమ నిట్లు కలిగిన చీలిక ఎప్పుడు ప్రాకునో గణించుటకు 1921లో గ్రిఫిత్ అనువారు ప్రకటించిన శక్తిసూత్రము మూలము: చీలిక పెరుగుటవలన విడుదలయగు శక్తి, క్రొత్త తలములను సృష్టించుటకు చాలినప్పుడే అది ముందుకు సాగును. చీలికకొనయందలి బలములనుండియు, దాని వెనుకనున్న బిందువుల ఎడమునుండియు ఆ శక్తిని కంప్యూటరుపై లెక్కించు ఉపాయమును 1977లో రిబికీ, కానినెన్ అనువారు చూపిరి; కాని అది ముందుగనే ఒక చీలిక యున్నదని యెంచుకొనును. డగ్‌డేల్, బారెన్‌బ్లాట్ అనువారి భావనలనుండి పెరిగిన ‘కొహెసివ్ జోన్’ పద్ధతియో, పొరలు ఎడమైనకొలది వాని నడుమ బంధబలము మొదట హెచ్చి, పిదప క్షీణించి, తుదకు శూన్యమగునని భావించుటచేత, చీలిక పుట్టుకను సైతము చెప్పగలదు. దానికి చీలిక దాపున పలకను మిక్కిలి సన్నని గడులుగా విభజించు గణనజాలకము వలయును, గణనకాలమును హెచ్చును. ఐనను అదియే మేలని నా నిశ్చయము.

ఉల్లికిని కంటికిని మనము వాడు ‘పొర’ యను మాట ఇచ్చటను చక్కగా నొదుగును. తెలుగున శాస్త్రము వ్రాయువారు ‘పొరవీడు’ అను మాటను నిస్సంకోచముగా వాడుదురుగాక.