పోలీసు, అగ్నిమాపక దళముల శౌర్యపతకములు (భారతదేశము)

శాంతిభద్రతలను కాపాడుటయందును, అగ్నిప్రమాదములనుండి ప్రజలను రక్షించుటయందును ప్రాణములకు తెగించిన ఉద్యోగులకు ప్రభుత్వ మొసగు పతకములివి. రణరంగమున సాహసించిన సైనికునకు విక్టోరియా క్రాస్ 1856లోనే ఏర్పడియుండగా, వీధిలో దుండగు నెదిరించిన పోలీసునకు అట్టి గౌరవము లభించుటకు మఱి అర్ధశతాబ్దికి పైగా పట్టెను.

1909 జనవరి 23న, లండనునకు ఉత్తరమున నున్న టాటెన్‌హామ్‌లో, ఒక కర్మాగారపు కూలీల జీతపుసొమ్మును దోచుకొని పిస్తోళ్లు కాల్చుచు పాఱిపోవు ఇరువురు దొంగలను, చాలవఱకు నిరాయుధులైన పోలీసులు సుమారు 6 మైళ్లు వెన్నాడిరి. ఆ వేటలో విలియం టైలర్ అను కానిస్టేబులును, పదేండ్ల బాలుడొకడును నేలకొరిగిరి. ఈ యుదంతము రేపిన సంచలనము ప్రేరకము కాగా, ఆ యేడు జూలై 7న 7వ ఎడ్వర్డు చక్రవర్తి కింగ్స్ పోలీసు పతకమును నెలకొల్పెను. ఈ వెండిపతకమునకు వెనుకవైపున కత్తియు డాలును దాల్చిన కావలివాడును, వాని వెనుక కోటగోడల పట్టణమును కడు రమ్యముగా మలచబడియుండెను. ఏటా 120కి మించి ఈయరాదని నియమింపబడిన యీ పతకములలో బ్రిటనుకు 40, తక్కిన సామ్రాజ్యమునకు 30 కాగా, భారతదేశమునకు 50 కేటాయింపబడెను. ఈ వాటా ఔదార్యమని భ్రమింపరాదు; ఇచ్చటి పోలీసు, దొంగలనుండి ప్రజలనే గాక, ప్రజలనుండి ప్రభుత్వమునుగూడ కాపాడవలసినవాడై యుండెను.

దీర్ఘకాలము మచ్చలేక కొలువు చేసిన అధికారికిని, తుపాకికి ఎదురునిలిచిన కానిస్టేబులునకును ఒకే పతకము లభించుట తొలిదినముల లోపము. 1933లో శౌర్యపతకపు పట్టీపై ఎఱ్ఱని సన్నగీతలు చేర్చి యీ లోపమును సవరించిరి. 1932లో వెలసిన ఇండియన్ పోలీసు పతకమున ఆ విభజన 1944లో గాని జరుగలేదు. అగ్నిమాపకదళములవారు మొదటినుండియు అర్హులేయైనను, పతకనామమున వారికి చోటు దక్కినది 1940లో మాత్రమే.

స్వతంత్రభారతమున 1951 మార్చి 1న రాష్ట్రపతి పోలీసు, అగ్నిమాపక సేవాపతకమును, పోలీసు పతకమును స్థాపింపబడెను. మఱుసటియేడు ఏర్పడిన అశోకచక్ర, పోలీసులకును వర్తించు అత్యున్నత పురస్కారము: 2001లో పార్లమెంటు ద్వారమున అసువులు బాసిన కమలేశ్ కుమారికిని, 2008 ముంబయి దాడిలో ముష్కరుని తుపాకిగొట్టమును చేతులతో ఒడిసిపట్టిన తుకారాం ఓంబ్లేకును, గ్రేహౌండ్స్ దళమునకు చెందిన మన కె. ప్రసాద్‌బాబునకును అది మరణానంతరము లభించెను.

2024 గణతంత్రదినోత్సవమునుండి 16 రకముల పతకములను 4గా కుదించి, దళభేదమును తొలగించి, శౌర్యమునకును సేవకును గల భేదమును మాత్రము ఉచితముగా నిలిపిరి. ఆ యేటి స్వాతంత్ర్యదినోత్సవమున రాష్ట్రపతి శౌర్యపతకమునకు దేశమంతటను ఎంపికైనది ఒక్కరే: 2022 జూలై 25న, గొలుసుదొంగలు కత్తితో పలుమాఱులు పొడిచినను వారిని విడువక పట్టుకొని, 17 దినములు ఆసుపత్రిలో నుండిన తెలంగాణ హెడ్ కానిస్టేబులు చదువు యాదయ్య.