మంచులో ఎర్ర లైటు వెనక

తెల్లవారుజామున అయిదయింది. విజయవాడ బెంజ్ సర్కిల్లో ఫ్లైఓవర్ కింద సైకిలు పట్టుకుని నిలబడ్డారు మీరు. తల మీద చెన్నై, కోల్‌కతా లారీలు దడదడమంటూ పోతున్నాయి. జనవరి చలి. పక్కన ఇంకో పది మంది. ఎవరి పేరూ ఇంకా మీ నోటికి రాలేదు.

ఆటోనగర్లో లేత్ మిషన్ మీద పనిచేసే ఆయన దగ్గరికొచ్చి, అడక్కుండానే మీ వెనక టైరు బొటనవేలితో నొక్కి చూస్తాడు. "గాలి చాల్లేదండీ." మీరు వద్దనేలోపే పంపు తగిలించి కొట్టేస్తాడు.

"వెనక లైటు వేశారా?" గుంపులోని టీచరుగారు అడుగుతారు. వేస్తారు. ఎర్రగా మిణుకుతుంది.

పదండి. ఇది బందరు రోడ్డు. హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు హైవే, మచిలీపట్నం దాకా ఇదే. పటమట, కానూరు, పోరంకి. షట్టర్లన్నీ దించే ఉన్నాయి. పాల వ్యాన్లు, పేపరు కుర్రాళ్లు, మీరు. పగలు ఆటోల మధ్య కాలు మోపే చోటు లేని రోడ్డు ఇప్పుడు మొత్తం మీదే. ఈ ఒక్క సుఖం కోసమైనా అలారం పెట్టుకోవచ్చు.

పెనమలూరు దాటేసరికి ఎదురుగాలి. తొడలు మండుతున్నాయి. ఒంటరిగా పక్కకి తీసి తొక్కుతారా, ముందున్న సైకిలు వెనక దూరతారా? దూరండి. ఇంకా దగ్గరికి. మీ ముందు చక్రానికీ దాని వెనక చక్రానికీ మధ్య ఒక బారెడు. గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ముందున్న మనిషి గాలిని చీలుస్తుంటే వెనకున్నవాళ్లకి పావు వంతుకు పైగా కష్టం తగ్గుతుంది. కాసేపటికి ఆయన పక్కకి జరిగి చివరికి వెళ్తాడు, ఇంకొకరు ముందుకొస్తారు. మీ వంతూ వస్తుంది.

కానీ ఇక్కణ్నుంచి రోడ్డు మీకు కనబడదు. ఒక వీపు, ఒక ఎర్ర లైటు, అంతే. మీ కళ్లు ఇప్పుడు ముందున్నాయన దగ్గరున్నాయి. ఆయన ఎడమ చెయ్యి కిందికి చూపిస్తుంది.

"గుంట!"

మాట నోటినుంచి నోటికి వెనక్కి పాకుతుంది. మీరూ అరుస్తారు. మీ వెనక కుర్రాడు తప్పుకుంటాడు. పేరు తెలియని ఆ అబ్బాయి మీ గొంతు నమ్మాడు. ఈ స్నేహాలు ఇంత తొందరగా ఎందుకు గట్టిపడతాయో నాకైతే ఇక్కడే తెలిసింది.

గంగూరు. రెండు పక్కలా కోసిన వరి మళ్లు, వాటిమీంచి మంచు రోడ్డెక్కుతోంది. ముందు గడ్డివాములు మాయమయ్యాయి. తర్వాత డివైడరు. ఇప్పుడు ఎర్ర లైటు కూడా మసక.

వేగం తగ్గించండి. ఎడం పెంచండి.

ముందు ఏదో ఉంది. నల్లగా. కదుల్తోంది.

"బండి! బండి!"

చెరకు ట్రాక్టరు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి పోతోంది. ట్రక్కు వెనక గడలు బారెడు బయటికొచ్చి లైటుని కప్పేశాయి. వెనక లారీ హారను. ఎడమన కంకర. సడన్ బ్రేకు కొడితే వెనక కుర్రాడు మీ మీదే.

చెయ్యెత్తండి. అరవండి. మెల్లగా బ్రేకు. ఇంకా మెల్లగా.

ఆకు కొస భుజానికి గీసుకుంటుంది.

ఆగారు. లారీ వెళ్లిపోయింది. ట్రాక్టరూ మంచులో కలిసిపోయింది.

"లెక్కపెట్టండి!" ఒకటి, రెండు... పది. ఒకరు తక్కువ. అందరి మెడలూ వెనక్కి తిరుగుతాయి. అర నిమిషానికి కుర్రాడు సైకిలు నడిపించుకుంటూ వస్తాడు. కంకరలోకి దిగాడు, పంక్చరు. "ముందెళ్లండి సార్, నేనొస్తా" అంటాడు. ఎవరూ కదలరు.

గుంపులోని డాక్టరుగారు ఫోను లైటు పట్టుకుంటారు. ఆటోనగర్ ఆయన చక్రం విప్పి, టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడుముతాడు. ముల్లు లోపలే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది మరి. ఒకచోట వేలు ఆగుతుంది. తుమ్మ ముల్లు, గోరంత. గోటితోనే లాగి చూపిస్తాడు. కొత్త ట్యూబు టీచరుగారి సంచిలోంచి వస్తుంది. డబ్బుల ఊసు లేదు.

కంకిపాడు. తెల్లారింది. ఇడ్లీ బండి దగ్గర ఆకు ప్లేటు మీ అరచేతిని కాలుస్తోంది. అల్లం చట్నీ, మీద కారప్పొడి, నెయ్యి. చలికి వేళ్లు వంగడం లేదు, అయినా నాలుగు ఇడ్లీలు పోతాయి. కుర్రాడు ఆడాక్స్ అనే సైకిల్ సంఘం వాళ్ల బ్రెవేకి, అంటే 200 కిలోమీటర్ల సవారీకి, తయారవుతున్నాడట. పదమూడున్నర గంటల్లో ముగించాలి. ముందొచ్చినవాడికి కప్పు లేదు, టైములోపు వచ్చినవాళ్లంతా సమానమే. "బాబాయ్, మీరూ రండి" అంటాడు. బాబాయ్! ఇందాకటిదాకా మీరు "సార్".

తొక్కడానికి దారీ కావాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పుతో సహా. మనకి ఈ బందరు రోడ్డే ఉంది. దీనిమీద చెరకు రైతూ పోవాలి, మనమూ పోవాలి. ట్రాక్టరు నడిపే అన్నల్లారా, గడల చివర ఒక ఎర్ర గుడ్డ, ట్రక్కుకి మెరిసే స్టిక్కరు తగిలించండి. సైకిలెక్కేవాళ్లు లైటు లేకుండా ఇల్లు కదలకండి.